రాత్రి పడుకోగానే గుండెల్లో మంట: ఇంట్లో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

గోదారిగట్టు (ప్రశ్న)

నమస్కారమండీ. మా నాన్నగారికి 56 ఏళ్లు. రాత్రి తొమ్మిదిన్నరకు భోంచేసి పదిన్నరకల్లా పడుకుంటారు. కాసేపటికే రొమ్ము ఎముక వెనకాల మంట మొదలై గొంతులోకి పుల్లనీళ్లు ఎగదన్నుతాయి. లేచి కూర్చుంటే తగ్గుతుంది, మళ్లీ నడుం వాలిస్తే మొదలు. నెల రోజులుగా వారంలో రెండు మూడు రాత్రులు ఇదే వరస. పగలు నడిచినా, మెట్లెక్కినా ఏ ఇబ్బందీ లేదు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు, షుగర్ లేదు. ఈమధ్యే ఈసీజీ తీయిస్తే బాగానే ఉందన్నారు.

రోజూ గ్యాస్ బిళ్ళ వేసుకోవడం ఆయనకు ఇష్టం లేదు. ఇంట్లో తలో మాట చెబుతున్నారు: చల్లటి పాలు, వంట సోడా, జీలకర్ర నీళ్లు, అల్లం రసం, పుదీనా. వీటిలో ఏది పనికొస్తుంది, ఎంత మోతాదు, ఏది ముట్టుకోకూడదు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

కంకిపాడు

కూర్చుంటే తగ్గుతోంది, పడుకుంటే వస్తోంది అన్నారు కదా, అసలు కిటుకంతా అక్కడే ఉందండీ. కడుపులో ఆమ్లం మరీ ఎక్కువైపోయి కాదు, ఉన్న ఆమ్లం పైకి వస్తోంది. అన్నవాహిక కడుపులో కలిసేచోట ఒక కండరం ఉంగరంలా బిగుసుకుని ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. కడుపు నిండి ఉబ్బినప్పుడు అది మధ్యమధ్యలో తనంతట తానే వదులవుతుంది. నిటారుగా ఉంటే లోపలిది కిందే ఉంటుంది, పడుకుంటే పైకి పారుతుంది. పైగా నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది, మింగడమూ అరుదే. దాంతో పైకొచ్చిన ఆమ్లం కిందకి కడుక్కుపోక అక్కడే ఉండి కాలుస్తుంది. అందుకే వంటింటి డబ్బాల జోలికి వెళ్లేముందు భోజనం వేళ, మంచం సరిచేయండి. ఫలితం ఎక్కువగా వచ్చేది వీటివల్లే.

భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. పదిన్నరకు పడుకునేవారు ఏడున్నరకల్లా చెయ్యి కడిగేయాలి. పనినుంచి వచ్చేసరికే తొమ్మిది అయ్యేవాళ్లకు ఇది కుదరదు. అలాంటివాళ్లు ఆరున్నర ఏడుకి పనిచేసేచోటే రెండు చపాతీలు, పప్పు లాంటి అసలు తిండి తినేసి, ఇంటికొచ్చాక చిన్న గిన్నెడు పెరుగన్నంతో సరిపెట్టుకోవాలి. నూనె, నెయ్యి ఎక్కువున్న తిండి కడుపులోంచి ఆలస్యంగా దిగుతుంది, కాబట్టి బిర్యానీ, వేపుడు తిన్న రాత్రి మూడు గంటలు కూడా చాలకపోవచ్చు. భోజనం మధ్యలో చెంబెడు నీళ్లు తాగే అలవాటుంటే తగ్గించాలి. లుంగీ ముడి, పైజామా బొందు బొడ్డు మీద బిగించి కట్టకూడదు. పొట్ట మీద పడే ఒత్తిడి నేరుగా ఆ కండరం మీదే పడుతుంది.

మంచం తలవైపు 6 నుంచి 8 అంగుళాలు ఎత్తు పెంచండి. తలవైపు రెండు కోళ్ల కింద ఇటుకలు పెడితే సరిపోతుంది. మామూలు ఇటుక మందం దాదాపు మూడంగుళాలు, పడుకోబెట్టి రెండేస్తే ఆరు. ఇటుకకు ఉన్న గుంట వైపు పైకి ఉంచి, కోడు ఆ గుంటలో కూర్చునేలా చూడండి. కింద పాత సైకిల్ ట్యూబు ముక్కో, గోనెపట్టో వేస్తే టైల్స్ మీద జారదు. పెట్టాక మనిషి పడుకోకముందే నాలుగువైపులా ఊపి చూడాలి. చక్రాలున్న మంచమైతే చక్రాలు తీసేయకుండా ఈ పని చేయకండి.

చాలామంది రెండు మూడు దిళ్లు పేర్చుకుని తల మాత్రం ఎత్తుకుంటారు. అది ఉల్టా పనిచేస్తుంది. మెడ, నడుం దగ్గర ఒంగి పొట్ట మడతపడి, లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. వాలు నడుం దగ్గరనుంచే మొదలవ్వాలి.

ఎడమవైపు తిరిగి పడుకోమనండి. కడుపు సంచి ఎడమపక్కన ఉంటుంది. అలా పడుకుంటే ఆమ్లం నిలిచే భాగం కిందకీ, అన్నవాహిక కలిసేచోటు పైకీ ఉంటాయి. కుడివైపు తిరిగితే ఇది తిరగబడుతుంది. నిద్రలో దొర్లేవారికి వీపు వెనక ఒక పొడుగు దిండు ఆనించాలి.

మందులకొట్టు

వంట సోడా మీ నాన్నగారికి వద్దండీ. బీపీ ఉంది కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. అర టీస్పూను వంట సోడాలో 600 మిల్లీగ్రాములకు పైనే సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన రోజువారీ పరిమితి 2,000 మిల్లీగ్రాములు. మన పప్పు, కూర, పచ్చడితోనే అది దాటిపోతుంది. ఈనో లాంటి పొడి కూడా ఇదే కోవలోది. 5 గ్రాముల ప్యాకెట్‌లో సోడియం బైకార్బనేట్, సోడియం కార్బనేట్ రెండూ ఉంటాయి, లెక్క వేస్తే 850 మిల్లీగ్రాముల దాకా సోడియం. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, కాళ్ల వాపులున్నవాళ్లు, గర్భిణులు కూడా సోడా జోలికి పోకూడదు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఎప్పుడో ఒకసారి వాడాలనుకుంటే: అర టీస్పూను, అరగ్లాసు అంటే 120 మిల్లీలీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగి, బుడగలు తగ్గాక, మెల్లగా గుటకలు వేయాలి. మెడ దాకా తిన్న వెంటనే మాత్రం తాగకూడదు. సోడా ఆమ్లంతో కలిసి ఒక్కసారిగా గ్యాస్ పుడుతుంది, నిండిన కడుపు ఇంకా ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కడుపు చిట్లిన సంఘటనలు అరుదే అయినా వైద్యంలో నమోదయ్యాయి. త్రేన్పు వచ్చి హాయి అనిపిస్తుంది గానీ, ఆ త్రేన్పుతోనే కండరం తెరుచుకుని మరికాస్త ఆమ్లం పైకి రావచ్చు. బేకింగ్ పౌడర్ వేరు, అది వాడకండి.

దీనికంటే అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన యాంటాసిడ్ (ఆమ్లాన్ని విరిచే మందు) సిరప్ నయం. జెలుసిల్, డైజీన్ ఈ రకమే. సీసా బాగా కుదిపి, లేబుల్ మీద రాసినంత, భోజనమైన గంటకి తీసుకోవాలి. ఖాళీ కడుపుతో తాగితే అరగంట, గంటలో దిగిపోతుంది, తిన్నాక తాగితే చాలాసేపు నిలుస్తుంది. అల్యూమినియం మలబద్ధకం తెస్తుంది, మెగ్నీషియం విరేచనాన్ని వదులు చేస్తుంది, అందుకే రెండూ కలిపి తయారుచేస్తారు. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరును అడక్కుండా ఇవ్వొద్దు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రలూ, కొన్ని యాంటీబయాటిక్‌లూ దీనితో కలిస్తే ఒంటబట్టవు, కనీసం రెండు గంటలైనా తేడా పెట్టండి.

పుల్లనీళ్లు గొంతులోకి వచ్చేవారికి ఆల్జినేట్ ఉన్న సిరప్ (గావిస్కాన్ లాంటిది) బాగా నప్పుతుంది. కడుపులో ఉన్నదాని మీద తెట్టులా తేలి పైకి రాకుండా ఆపుతుంది. భోజనమయ్యాక, పడుకునేముందు తీసుకుని, పైన ఇంకేమీ తాగకూడదు, తాగితే తెట్టు చెదిరిపోతుంది. వీటిలోనూ సోడియం ఉంటుంది. బీపీ ఉంది కాబట్టి లేబుల్ చూసి, డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి వాడండి.

ఇంకో సంగతి. ఆమ్లోడిపిన్ వర్గం మందులు కొందరిలో ఆ కండరాన్నే వదులు చేస్తాయి. మంట మొదలైన నెలా, మాత్ర మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన నెలా దగ్గరగా ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే బీపీ డాక్టరుకు చెప్పండి, మార్చడానికి వేరే వర్గాలున్నాయి. సొంతంగా మాత్ర ఆపేయడం మాత్రం చాలా ప్రమాదం. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వాడుతున్నారేమో కూడా కనుక్కోండి, ఈ నొప్పి మాత్రలవల్ల కూడా మంట రావచ్చు.

పచ్చికొబ్బరి

పరగడుపున గ్లాసు నీళ్లలో రెండు చెంచాల యాపిల్ సిడార్ వెనిగర్ వేసి తాగమనండి. కడుపులో ఆమ్లం తక్కువైతేనే మంట వస్తుందని చాలా వీడియోల్లో చెబుతున్నారు.

కంకిపాడు

దయచేసి అది వద్దండీ. ఇప్పటికే ఆమ్లం తగిలి ఒరుసుకుపోయిన గొట్టం మీద ఇంకో ఆమ్లం పోయడమే అవుతుంది. మంట తగ్గుతుందనడానికి సరైన ఆధారం లేదు, పళ్ల మీది ఎనామిల్ కరుగుతుందన్నది మాత్రం ఖాయం. పరగడుపున నిమ్మరసం తేనె తాగేవారికీ ఇదే మాట.

గోదారిగట్టు

చాలా సంతోషమండీ. మోకాళ్లకు మాత్రలేమీ వాడటం లేదు, ఆమ్లోడిపిన్ మోతాదు ఎప్పుడు మారిందో చీటీలు తీసి చూస్తాను. పాలు, మజ్జిగ, పుదీనా సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఆయన రాత్రి మీగడ పాలు తాగనిదే పడుకోరు.

ఇంగువపలుకు

ఆ మీగడ పాలే ముందు ఆపించండి. పాలు గొంతు దిగేటప్పుడు చల్లగా ఉంటాయి, కాసేపు ఆమ్లాన్ని విరుస్తాయి. తర్వాత వాటిలోని ప్రోటీను, కాల్షియం కలిసి ఆమ్లాన్ని మళ్లీ ఊరిస్తాయి. మీగడలోని కొవ్వు కడుపును త్వరగా ఖాళీ కానివ్వదు. పాలు మానలేకపోతే సాయంత్రం ఏడులోపు, వెన్న తీసినవి, అరగ్లాసు చాలు.

మజ్జిగ కూడా పులుపే, ఆమ్లాన్ని విరిచే గుణం దానికి లేదు. అయినా పలచటి మజ్జిగ చాలామందికి పడుతుంది. ఆ రోజు తోడుకున్న కమ్మటి పెరుగు రెండు గరిటెలు, గ్లాసున్నర నీళ్లు పోసి చిలికి, పైకి తేలిన వెన్న తీసేసి, వేయించిన జీలకర్ర పొడి చిటికెడు వేయండి. ఉప్పు నామమాత్రం. పచ్చిమిర్చి, అల్లం, నిమ్మరసం వేశారంటే అది మంటకు మందు కాదు, మంటకు కారణం. నిన్నటి పుల్ల మజ్జిగా వద్దు. మధ్యాహ్న భోజనంతో సరి, పడుకునేముందు మాత్రం మజ్జిగ కూడా కాదు.

పుదీనా పేగుల్లో మెలిపెట్టే నొప్పికి మంచిదే, గుండెల్లో మంటకు కాదు. అందులోని మెంథాల్ కంకిపాడు గారు చెప్పిన కండరాన్ని సడలిస్తుంది. పుదీనా పచ్చడి, పుదీనా టీ ఒక్కటే కాదు, భోజనమయ్యాక చప్పరించే మింట్ బిళ్ళలు, మెంథాల్ వేసిన తీపి పాన్ కూడా ఇందులోకే వస్తాయి. చాలా ఇళ్లలో ఈ బిళ్ళల సంగతి ఎవరికీ తట్టదు.

అల్లం కొంచెమైతే వికారానికి, కడుపుబ్బరానికి మేలు. చిటికెన వేలి గోరంత ముక్క దంచి గ్లాసు నీళ్లలో మరిగించి గోరువెచ్చగా తాగొచ్చు. పచ్చి అల్లం రసం చెంచాలకొద్దీ తాగితే అదే మండిస్తుంది. జీలకర్ర నీళ్లు టీస్పూను జీలకర్రకి గ్లాసు నీళ్లు పోసి ఐదు నిమిషాలు మరిగించి వడకట్టినవి. ఇవి ఉబ్బరానికి హాయినిస్తాయి, ఆమ్లం పైకి రావడాన్ని ఆపవు. అతిమధురం పొడి కూడా మంటకు చెబుతుంటారు. బీపీ ఉన్నవారు అది వాడకూడదు, ఒంట్లో పొటాషియం తగ్గించి బీపీ పెంచుతుంది.

వంటింట్లో నిజంగా పనికొచ్చేది సోపు. భోజనమయ్యాక అర టీస్పూను ఒట్టి సోపు నోట్లో వేసుకుని మెల్లగా నములుతూ ఊరిన ఉమ్మి మింగుతుండాలి. ఉమ్మిలో సహజంగానే బైకార్బనేట్ ఉంటుంది, గొట్టంలో మిగిలిన ఆమ్లాన్ని విరిచి కిందకి కడిగేస్తుంది. రంగురంగుల చక్కెర పూత సోపు వద్దు, దానిలో తరచూ మెంథాల్ ఉంటుంది. చక్కెర లేని చూయింగ్ గమ్ (మింట్ వాసన లేనిది) అరగంట నమిలినా ఇదే పని చేస్తుంది.

కూరల సంగతి: అందరికీ అన్నీ పడకపోవడం ఉండదు, జాబితా చూసి అన్నీ మాన్పించకండి. రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాత్రి ఏం తిన్నారు, ఎన్నింటికి, మంట వచ్చిందా అన్న మూడే గడులు గీసి రాయండి. ఆవకాయ, టమాటా పులుసు, చారు, గోంగూర, పచ్చి ఉల్లిపాయ లాంటివి మంట వచ్చిన రాత్రుల్లోనే కనబడుతుంటే వాటిని మధ్యాహ్నానికి మార్చండి. రాత్రికి బీరకాయ, సొరకాయ, పొట్లకాయ కూరలు, పెసరపప్పు, ఇడ్లీ, పలచటి రాగిజావ చాలామందికి ఇబ్బంది పెట్టవు. ఇడ్లీలోకి అల్లం పచ్చడి మాత్రం కాదు. సాయంత్రం ఆరు తర్వాత టీ, కాఫీ కూడా ఆపి చూడండి.

మందులకొట్టు

ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈసీజీ బాగుందంటే ఆ రోజుకు బాగుందని మాత్రమే. మంటతో పాటు చెమటలు పట్టడం, ఆయాసం, దవడకో ఎడమ చేతికో వీపుకో నొప్పి పాకడం, రొమ్ము మీద బరువు పెట్టినట్టుండటం, నడిస్తే పెరిగి ఆగితే తగ్గడం ఉంటే సోపు, సోడా అంటూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు కేవలం మంటలా, వాంతి వచ్చేలా కూడా కనబడుతుంది. యాంటాసిడ్ తాగితే తగ్గింది కదా అని గుండె కాదని తేల్చేయకూడదు.

ముద్ద గొంతులో అడ్డుపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, తారులా నల్లటి విరేచనం, వాంతిలో రక్తం, రక్తహీనత, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి వైద్యం ఆపి గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మీ నాన్నగారిలో అవి లేకపోయినా, నెలగా వస్తోంది కాబట్టి రెండు మూడు వారాలు ఇవన్నీ పాటించి తగ్గకపోతే చూపించండి. అప్పుడు డాక్టరు పాంటోప్రజోల్ లాంటిది (ఆమ్లం ఊరడాన్ని తగ్గించే మాత్ర) రాస్తే, ఉదయం టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి. మంట వచ్చాక రాత్రి వేసుకుంటే వెంటనే పనిచేయదు. చెప్పినన్ని వారాలు వాడి, ఎప్పుడు ఎలా ఆపాలో కూడా ఆయన్నే అడగండి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ఎగదన్ని మంట తిరగబెడుతుంది, జనం దాన్ని చూసి ఇక జీవితాంతం వాడాల్సిందే అనుకుంటారు.

గోదారిగట్టు

మా ఇంట్లోది కోళ్లు లేని డబ్బా మంచమండీ, కింద సామాన్ల అరలున్నాయి. ఇటుకలు పెట్టడం కుదరదు. అమ్మ కూడా అదే మంచం మీద పడుకుంటారు.

కంకిపాడు

అలాగైతే నాన్నగారి వైపు మాత్రం వాలు దిండు వాడండి. గట్టి ఫోమ్‌తో త్రికోణంగా కోసినది, పరుపుల షాపులో కొలత చెబితే కోసిస్తారు. తలవైపు ఎత్తు 7 అంగుళాలు, పొడవు కనీసం 26, వెడల్పు 24. పొడవు తక్కువైతే మళ్లీ నడుం దగ్గర మడతే పడుతుంది. చేత్తో గట్టిగా నొక్కితే రెండంగుళాలు దిగిపోయే మెత్తటి ఫోమ్ తీసుకోకండి, మనిషి పడుకున్నాక ఎత్తే మిగలదు. దాని మీద మామూలు పలచటి దిండు ఒక్కటే వేయాలి. నున్నటి కవరైతే రాత్రంతా కిందకి జారిపోతారు, ముతక నూలు దుప్పటి పరిచి, మోకాళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. మొదటి రెండు మూడు రాత్రులు నడుం పట్టినట్టు ఉంటే 4 అంగుళాలతో మొదలుపెట్టి వారానికోసారి పెంచండి.