ఎన్నూరులో పడవ మేట ఎక్కింది, ఇంజను నీటిధార సన్నబడింది: నడపవచ్చా?

తిరువొత్తియూరు నివాసి:
అందరికీ నమస్కారం. మా బావగారికి చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు ముఖద్వారం దగ్గర ఒక చిన్న ఫైబరు పడవ, దానికి 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు (పడవ వెనక బయట బిగించే ఇంజను) ఉన్నాయి. మొన్న పాటు వేళ (సముద్రపు నీరు తగ్గే సమయంలో) కొసస్తలైయారు నది వైపు నుంచి తిరిగి వస్తుండగా, లోతు ఉందనుకున్న చోట పడవ మేట ఎక్కి ఆగిపోయింది. ఆయన రివర్స్ గేరు వేసి హ్యాండిలు పూర్తిగా తిప్పారు. నీళ్లు నల్లగా బురదయ్యాయే కానీ పడవ కదలలేదు. చివరికి దగ్గర్లో రొయ్యలు పడుతున్నవాళ్లు వచ్చి గెడలతో నెట్టారు. ఒడ్డుకు వచ్చేటప్పుడు ఇంజను వెనక నుంచి చిమ్మే నీటిధార దారమంత సన్నగా పడింది. మంచినీటితో కడిగితే సరిపోతుందా, విప్పించాలా? ఇలాంటప్పుడు పడవను ఎలా తీయాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.

కాసిమేడు మెకానిక్:
ధార మామూలుగా వచ్చేవరకు ఆ ఇంజనుతో పడవ నడపవద్దని మీ బావగారికి గట్టిగా చెప్పండి. ఔట్‌బోర్డ్ మోటారుకు రేడియేటరు ఉండదు. ప్రొపెల్లరుకు కాస్త పైన ఉన్న జల్లెడ రంధ్రాల గుండా బయటి నీటినే ఒక చిన్న పంపు పీల్చి, ఇంజను చల్లబడేలా దాని చుట్టూ తిప్పుతుంది; వెనక నుంచి చిమ్మే ధార ఆ నీటిదే. ఆ పంపులో ఉండేది రబ్బరు రెక్కల ఇంపెల్లరు. మేట మీద ఉండగా రివర్స్ వేస్తే ప్రొపెల్లరు నీటిని పడవ కిందికే తోస్తుంది కనుక, లేచిన బురదను పంపు నేరుగా లోపలికి లాక్కుంటుంది. పైగా ఎన్నూరు అడుగున ఉన్నది ఒట్టి ఇసుక కాదు, థర్మల్ కేంద్రాల నుంచి ఏళ్ల తరబడి చేరిన బూడిద కూడా. అది పిండిలా మెత్తగా ఉండి సన్నని దారుల్లో పేరుకుపోతుంది.

ముందుగా ధార వచ్చే రంధ్రంలో సన్నని తీగ పెట్టి చూడండి. చాలాసార్లు ఒక్క ఇసుక రేణువు అక్కడ ఇరుక్కుని ఉంటుంది, లోపలంతా బాగానే ఉంటుంది. తర్వాత ఇంజనును మంచినీటి డ్రమ్ములో, పీల్చే రంధ్రాలు బాగా మునిగేలా దింపి, న్యూట్రల్‌లో నెమ్మదిగా కాసేపు నడపండి. అప్పటికీ ధార పెరగకపోయినా, ఆవిరి వచ్చినా, వెంటనే ఆపి కింది భాగం విప్పించండి. ఇంపెల్లరు ఒక్కటే మార్చి ఊరుకోకండి. అది తిరిగే గిన్నెకూ, దాని కింది రేకుకూ గీతలు పడి ఉంటే కొత్త రబ్బరు కూడా త్వరగానే అరిగిపోతుంది.

పులికాట్ తీరవాసి:
ఇంజను సంగతి మెకానిక్ గారు చెప్పారు కనుక నేను పడవ సంగతి చెబుతాను. నేల తగిలిన క్షణంలో చేయవలసిన పని ఇంజను ఆపడమే. తగిలింది ముందున్న అణియమా, వెనకనున్న ఇంజనా అని గెడతో పొడిచి చూడాలి. ఇంజను తగిలితే దాన్ని పైకెత్తి, మనుషులు ముందుకు జరిగితే అమరం (పడవ వెనక భాగం) తేలుతుంది. అణియం తగిలితే అందరూ వెనక్కి రావాలి. నెట్టడం మాత్రం ఎప్పుడూ వచ్చిన దారినే నెట్టాలి, ఎందుకంటే లోతు ఉందని మనకు తెలిసింది అటే.

మన తీరంలో పోటుకూ పాటుకూ మధ్య సుమారు 6 గంటలు పడుతుంది. పోటు వస్తుండగా ఇరుక్కుంటే లోతువైపు లంగరు వేసి తాడు బిగించి కూర్చుంటే నీరే పడవను లేపుతుంది. పాటులో అయితే ఆలస్యమైన కొద్దీ పడవ బరువు నేల మీద పడుతుంది. మీ బావగారికి జరిగింది అదే. అన్నిటికంటే చిక్కు, పౌర్ణమికో అమావాస్యకో వచ్చే నిండు పోటు మీద మేట ఎక్కడం. ఆ తర్వాతి పోట్లు రోజురోజుకూ తగ్గుతాయి కనుక పడవ చాలా రోజులు అక్కడే ఉండిపోవచ్చు.

ఇంకొక సభ్యుడు:
మనుషులు ముందుకూ వెనక్కూ జరగవచ్చు కానీ, పడవను వాల్చడానికి అందరూ ఒకే పక్కకు చేరవద్దు. 2011 డిసెంబరు 25న పులికాట్‌లో విహారపు పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయిన సంగతి ఈ తీరంలో ఎవరూ మరిచిపోలేదు. లోతు తక్కువని లైఫ్ జాకెట్ విప్పకండి. దిగవలసి వస్తే చెప్పులు గట్టిగా కట్టుకుని దిగండి, ఆలిచిప్పలు కాళ్లను కోసేస్తాయి.

తిరువొత్తియూరు నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. తీగ పెడితే నల్లటి బూడిద ముద్ద వచ్చింది, డ్రమ్ములో ధార సగం వరకు పెరిగి ఆగింది. విప్పిస్తున్నాం. ప్రొపెల్లరు అంచు కూడా ఒకచోట వంగింది.

కాసిమేడు మెకానిక్:
విప్పినప్పుడు గేరు ఆయిల్ చూడండి. పాలలా తెల్లగా ఉంటే సీలు దెబ్బతిని నీరు చేరినట్టే, సీలు మార్చాలి. ప్రొపెల్లరు మధ్యలోని రబ్బరు బుష్ జారుతోందేమో తెలియాలంటే, దాని లోపలి గొట్టం మీదుగా బయటి భాగం వరకు మార్కరుతో ఒకే గీత గీయండి. పడవ నడిపి వచ్చాక ఆ గీత రెండుగా విడిపోయి కనిపిస్తే బుష్ పోయినట్టు.