యాక్సిలరేషన్‌కు ‘త్వరణం’ సరిపోతుందా?

తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. ఈ మధ్య ఇంట్లో కంప్యూటర్‌లో వీడియో పెడితే మాటలు వినిపిస్తున్నాయి కానీ, బొమ్మ ఉండవలసిన చోటంతా ఆకుపచ్చ రంగు నిండిపోతోంది. మేనల్లుడికి ఫోను చేశాను. “మామయ్యా, బ్రౌజరు సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి” అన్నాడు.

నేను ఆపలేదు. యాక్సిలరేషన్ అంటే నాకు త్వరణం. అసలే బొమ్మ రావడం లేదు, ఉన్న త్వరణం కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుందని రెండు రోజులు ఆ మీట జోలికి పోలేదు. మూడో రోజు ఆపితే బొమ్మ చక్కగా వచ్చింది. అందుకే ఈ మాటను ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

త్వర అంటే తొందర. త్వరగా, సత్వరం, త్వరపడడం అన్నీ అందులోంచి వచ్చినవే. వేగంగా పోయేది కనుక గుర్రాన్ని తురగం అన్నారు, అదీ ఈ కుటుంబంలోదే. పాఠ్యపుస్తకాలు వడి, వేగం, త్వరణం అని మూడింటిని విడదీసి, త్వరణానికి ‘వేగంలో మార్పు రేటు’ అని కచ్చితమైన అర్థం కట్టాయి. బస్సుకు బ్రేకు వేసినా త్వరణమే, కాకపోతే ఋణత్వరణం. బస్సు తిన్నని దారిలో ఒకే వేగంతో పోతుంటే త్వరణం సున్నా.

ఇప్పుడు వీడియో సంగతి చూడండి. సెకనుకు 30 బొమ్మలు, వెనుకా ముందూ కాకుండా ఒకే లయలో పడాలి. అంటే మనం కోరుకునేది సమవేగం. పేరు మాత్రం త్వరణం! ఈ పేరు నాకు మింగుడుపడడం లేదు.

జవాబు:

మాస్టారూ, నమస్కారం. గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ రాయడమే నా ఉద్యోగం. మీ సందేహం న్యాయమైనదే. ఆ మీట నిజానికి వేగాన్ని మార్చదు, పని ఎవరు చేయాలో మారుస్తుంది. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న తెర మీద ఒక్క బొమ్మకు 20,73,600 చుక్కలు. సెకనుకు 30 బొమ్మలంటే 6 కోట్ల 22 లక్షల చుక్కలకు రంగు తేల్చాలి. ప్రధాన ప్రాసెసర్ అన్ని పనులూ తెలిసినది, కానీ దానిలో కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కొన్నే. గ్రాఫిక్స్ కార్డులో చిన్న చిన్న కోర్లు వందలు, వేలు ఉంటాయి. పైగా కుదించిన వీడియోను విప్పడానికే ప్రత్యేకమైన భాగం ఒకటి ఉంటుంది. మీట వేసి ఉంటే బ్రౌజరు ఆ పనిని కార్డుకు అప్పగిస్తుంది. తీసేస్తే ప్రాసెసరే చేసుకుంటుంది. అప్పుడు ఫ్యాను గట్టిగా తిరగడం వినే ఉంటారు.

పేరెందుకు ఇలా వచ్చిందంటే, 1990లలో ఈ కార్డులను యాక్సిలరేటర్లు అనే అమ్మారు. 1996లో వచ్చిన ఊడూ కార్డు త్రీడీ బొమ్మలు మాత్రమే గీసేది, మామూలు తెరకు వేరే కార్డు ఉండాల్సిందే. 1999లో జీఫోర్స్ 256 అనే కార్డుతో జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసింగ్ యూనిట్) అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. వస్తువు పేరు మారినా పాత మాట సెట్టింగుల్లో ఉండిపోయింది.

మీ ఆకుపచ్చ తెరకు కారణం చాలావరకు డ్రైవరే. (ఇదీ పేచీ ఉన్న మాటే. అది బండి తోలేవాడు కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కూ కార్డుకూ మధ్య దుబాసీ.) దుబాసీ మాట తప్పితే బొమ్మ తప్పుతుంది. కాబట్టి మీట ఆపి వదిలేయకండి. కార్డు తయారుచేసిన సంస్థ సైటు నుంచి కొత్త డ్రైవరు వేసి, కంప్యూటర్ ఆపి తెరిచి, మీట మళ్లీ వేయండి. బ్రౌజరును కూడా మూసి తెరవాలి, లేకపోతే మార్పు అమల్లోకి రాదు. ఇంకో మాట: విండోస్‌లో 2020 నుంచి కార్డు పనుల వరుసను కార్డే చూసుకునే సెట్టింగు ఒకటి ఉంది. దాని పేరులోనూ ఇదే మాట ఉండడంతో చాలామంది ఒకటి ఆపబోయి మరొకటి ఆపుతారు.

జవాబు:

నేను అనువాదాలు చేస్తాను. త్వరణాన్ని భౌతికశాస్త్రానికే వదిలేయాలని నా అభిప్రాయం. ఇక్కడ ఒకరి పనికి మరొకరు చేయి వేస్తున్నారు. ‘ఊతం’ అందామంటే ఊతకర్ర గుర్తొస్తుంది, ప్రాసెసర్ కుంటిదన్నట్టు ఉంటుంది. ‘దన్ను’ బలమైన మాటే, కానీ దన్నుగా నిలిచినవాడు వెనుక నిలబడతాడు, పని తన చేతుల్లోకి తీసుకోడు. నాకు ‘చేదోడు’ నచ్చుతోంది. చేయి, తోడు కలిసిన మాట. ‘చేదోడు వాదోడు’లో ఒకటి చేతి సాయం, మరొకటి మాట సాయం. గ్రాఫిక్స్ కార్డు చేసేది అచ్చంగా మొదటిది.

జవాబు:

అమ్మా, మాట బాగుంది కానీ నాకు ఒప్పుదల లేదు. వాడుకలో స్థిరపడిన మాటకు ఎదురు నిలిస్తే చదివేవారు రెండు పేర్ల మధ్య తికమకపడతారు. విండోస్ ఎక్స్‌పీలో ఇదే పేరుతో ఒక జారుడు మీట ఉండేది. ఎడమ కొసకు తోస్తే సున్నా, కుడి కొసకు తోస్తే పూర్తి. అలా ఎక్కువ తక్కువలు ఉన్నదానికి త్వరణం అతకదా?

అనువాదకురాలి జవాబు:

ఆ మీటలోనూ ఎక్కువ తక్కువలు వేగానివి కావండీ, కార్డుకు అప్పగించిన పనులవి. అంటే చేదోడు ఎంత అన్నది. సెట్టింగులో కనిపించే పేరును నేను మార్చమనడం లేదు. వివరించేటప్పుడు పక్కన ఈ మాట ఉంటే చాలు.

మొదట అడిగినవారు:

డ్రైవరు వేశాను, మీట వేశాను, ఆకుపచ్చ రంగు పోయింది. క్రోమ్‌లో జీపీయూ స్థితి చూపే పేజీ ఉంటుందని మేనల్లుడు చెబితే అది కూడా తెరిచి చూశాను. ఏ పని కార్డు చేస్తోందో, ఏది ప్రాసెసర్ మీద పడిందో వరుసగా ఉంది. ‘అందుబాటులో ఉన్నప్పుడు’ అని మీట పక్కన ఎందుకు రాస్తారో అక్కడ అర్థమైంది. ఏవీ1 లాంటి కొత్త పద్ధతిలో కుదించిన వీడియోను విప్పే భాగం పాత కార్డుల్లో ఉండదు, మీట వేసి ఉన్నా ఆ పని ప్రాసెసర్‌కే వస్తుంది. త్వరణానికి ‘అందుబాటు’ అతకదు, చేదోడుకు అతుకుతుంది. నా ఓటు దానికే.

నిన్న మా అక్కయ్య కూడా తన కంప్యూటర్‌లో వీడియో ముక్కలు ముక్కలుగా వస్తోందని ఫోను చేసింది. “గ్రాఫిక్స్ కార్డు చేదోడు అని ఒకటుంటుంది అక్కా, ముందు అది ఆపి చూద్దాం” అన్నాను. “ఆపితే ఆ పని ఎవరు చేస్తారురా?” అని అడిగింది.