అప్‌డేట్: రీసెర్చ్ ల్యాబ్ ఉద్యోగంలో చేరాను

పీహెచ్‌డీ లేకుండా, ప్రొడక్ట్ కంపెనీ వదిలేసి, శాస్త్రవేత్తలకు టూల్స్ రాసే ఉద్యోగానికి వెళ్లొచ్చా అని అడిగాను కదా, చేరిపోయాను. జీతం తగ్గింది. పని మాత్రం చాలా నచ్చింది: ఒకరి ల్యాప్‌టాప్‌లో మాత్రమే నడిచే పైథాన్ స్క్రిప్ట్ తీసుకుని, టెస్టులు రాసి, లైబ్రరీల వెర్షన్లు ఫిక్స్ చేసి, ర్యాండమ్ సీడ్ (ర్యాండమ్ నంబర్లు ప్రతిసారీ ఒకేలా రావడానికి ఇచ్చే మొదటి అంకె) కూడా నమోదు చేసి, ఎవరు నడిపినా అదే ఫలితం వచ్చేలా చేయాలి. అలా రాకపోతే ఆ ఫలితాలతో రాసిన రీసెర్చ్ పేపర్‌ని ఎందుకు నమ్మాలి చెప్పండి? మన పనికి గుర్తింపు ఉండదేమోనన్న టెన్షన్, 2016లో మొదలైన జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్‌నే సమీక్షించి, దాని గురించి చిన్న పేపర్ ప్రచురిస్తారని మీలో ఒకరు చెప్పాక చాలావరకు తగ్గింది. గ్రాంటు (ప్రాజెక్టుకి వచ్చే నిధులు) అయిపోతే కాంట్రాక్టు సంగతేంటో చేరేముందే రాతపూర్వకంగా అడగమన్నవాళ్లకు థాంక్స్, అడిగాను, ఇచ్చారు.