అప్‌డేట్: రోడ్డు మీద నిలిచిన నీళ్లలో సెడాన్ కారు దాటొచ్చా అని అడిగాను కదా

ముందున్న బండి చక్రం సగానికి పైగా మునిగితే వెనక్కి తిరగమని, నీళ్లు తక్కువుంటే ఫస్ట్ గేర్‌లో మెల్లగా దాటమని మీరు చెప్పినట్టే చేశాను. హన్మకొండలో నయీంనగర్ వైపు వెళ్తుంటే, ముందున్న బైకు చక్రం సగానికి పైగా మునిగింది. వెంటనే వెనక్కి తిప్పేశాను. అత్తమ్మ వాళ్లింటికి గంట ఆలస్యమైంది, అయినా బాధ లేదు. ఇంకో వీధిలో నీళ్లు జానెడు కూడా లేవు. ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ వదలకుండా మెల్లగా దాటాను. బయటికొచ్చాక బ్రేకులు రెండు మూడుసార్లు నొక్కి ఆరబెట్టాను.

మా పక్కింటి అన్న కారు మాత్రం నీళ్లలో ఆగిపోయింది. టెన్షన్‌లో మళ్లీ మళ్లీ స్టార్ట్ చేశాడట. ఇంజిన్ సిలిండర్‌లోకి నీళ్లు పోయి, పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగింది. పిస్టన్ నొక్కితే గాలి కుదించుకుపోతుంది, నీళ్లు అలా కుదించుకుపోవు కదా! దయచేసి, నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేయకండి, తోసుకుంటూ బయటికి తీయండి.