ఎఫ్‌ఎం ఆర్‌జేలు మన ఏరియా వార్తలు చెప్పొచ్చా, చెప్పకూడదా?

సైదాబాద్ శ్రీను

మా వైపు అందరికీ తెలిసిన ఒక ఆర్‌జే ఈమధ్య స్టేషన్ ఉద్యోగం మానేసి, ఫోన్ పట్టుకుని బస్తీలు తిరుగుతూ వీడియోలు పెడుతున్నారు. ఇన్నేళ్లూ మార్నింగ్ షోలో పాటలు, సినిమా కబుర్లు. ఇప్పుడు నల్లా నీళ్లు రాని వీధి గురించి, సగంలో ఆగిన నాలా పని గురించి మాట్లాడుతున్నారు. స్టేషన్‌లో ఉండగా ఈ మాటలు చెప్పే వీల్లేదు. ప్రైవేటు ఎఫ్‌ఎం సొంత వార్తలు ఇవ్వకూడదు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, అంతే.

ప్రైవేటు ఎఫ్‌ఎంల కోసం కేంద్రం తెచ్చిన 2011 నాటి మూడో దశ విధానంలో ట్రాఫిక్, వాతావరణం, పరీక్ష ఫలితాలు, ఉద్యోగ సమాచారం లాంటివాటిని వార్తల లెక్కలోంచి తీసేశారు. కరెంటు, నీళ్లు, వరదల సంగతి కూడా చెప్పొచ్చు, కానీ స్థానిక యంత్రాంగం ఇచ్చిన సమాచారమే చెప్పాలి. నా అభ్యంతరం అక్కడే.

2020 అక్టోబరు 13న హైదరాబాద్ పక్కన ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటి వాన కురిసింది. 17 రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ దాకా నీళ్లొచ్చాయి. ఇలాంటప్పుడు నీళ్లను ముందు చూసేది కట్ట కింద ఇళ్లవాళ్లు, ప్రకటన వచ్చేది ఆ తర్వాత. కరెంటు లేక, ఫోన్ ఛార్జింగ్ అయిపోయాక మిగిలేది ఆటోలో రేడియో, ఇంట్లో బ్యాటరీ రేడియో. ఆ టైములో ఒక కాలర్ "ఇటు రావొద్దు, నడుం లోతు నీళ్లున్నాయి" అంటే ఆర్‌జే దాన్ని వినిపించడానికి ఎవరి అనుమతి కోసమో ఎందుకు ఆగాలి?

రిటైర్డ్ డెస్క్

శ్రీను గారూ, మీ బాధ అర్థమైంది, కానీ నేను ఒప్పుకోను. పత్రికలో చాలాకాలం సబ్ ఎడిటర్‌గా చేశాను. కంట్రిబ్యూటర్ ఫోన్‌లో చెప్పింది ఎప్పుడూ నేరుగా పేజీలోకి పోలేదు. పోలీస్ స్టేషన్‌కి ఒక ఫోన్, ఆసుపత్రికి ఒక ఫోన్ చేశాకే పెట్టేవాళ్లం. రెండు పాటల మధ్య లింక్ చెప్పే అమ్మాయికి ఆ వ్యవధి ఎక్కడుంది? అర్ధరాత్రి "కట్ట తెగింది" అని ఒక్క తప్పుడు కాల్ ప్రసారమైతే జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కుతారు. తొక్కిసలాటలో పోయే ప్రాణాలకు ఎవరు జవాబు చెబుతారు?

ఇంకోటి ఉంది. ఎఫ్‌ఎం షోలో సింహభాగం స్పాన్సర్లది. చెరువు శిఖం భూమిలో, అంటే నీళ్లు నిలిచే చోట, వెంచర్ వేసిన బిల్డరే షోకి స్పాన్సర్ అయితే ఆ చెరువు వార్త ఎవరు చదువుతారు?

నల్లకుంట వకీలు

టీవీ ఛానెళ్లకు, పేపర్లకు బిల్డర్ల యాడ్స్ లేవా సార్? వాళ్లకు లేని నిషేధం రేడియోకే ఎందుకు? గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఈ నిషేధాన్ని ప్రశ్నిస్తూ కామన్ కాజ్ సంస్థ 2013లో అదే కోర్టుకు వెళ్లింది. 2023 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా గంటకు 10 నిమిషాలు వార్తలకు అనుమతించాలని సిఫార్సు చేసింది.

మాజీ ఆర్‌జే, తార్నాక

నేను ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. "ఖైరతాబాద్ చౌరస్తాలో బండ్లు ఆగిపోయాయి, వేరే రూట్ చూసుకోండి" అంటాం. ధర్నా ఎవరిది, దేనికోసం అన్నది చెప్పం. లైవ్‌లో ఒక పెద్దావిడ రేషన్ గురించి చెబుతూ చెబుతూ ఒక నాయకుడి పేరెత్తగానే, అద్దం అవతల ప్రొడ్యూసర్ చెయ్యి ఊపుతాడు, నా వేలు గొంతు తగ్గించే ఫేడర్ మీదికి పోతుంది, ఆవిడ మాట మధ్యలోనే పాట మొదలవుతుంది. ఆవిడ ఫోన్ చేసింది నన్ను నమ్మి. ఆ రోజంతా మనసు కుదుట పడేది కాదు.

కెరీర్ సంగతి కూడా చెప్పాలి. పదేళ్లయ్యాక ఆర్‌జేకి ముందు దారేముంది? ప్రోగ్రామింగ్ హెడ్ పోస్టు ఒక్కటి, దానికి పోటీ పదిమంది. మిగతావాళ్లు వాయిస్ ఓవర్లు, ఈవెంట్లు, ఆడియో ఫంక్షన్ల యాంకరింగ్. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేరినా నెలకు కొన్ని డ్యూటీలే. నగరంలో ఏ గల్లీ ఎక్కడ మునుగుతుందో తెలిసిన మనిషిని ఇలా వదులుకుంటున్నాం. వార్త చెప్పే పని ఉంటే మేం నేర్చుకునేవాళ్లం. ధ్రువీకరణ నేర్పితే వస్తుంది సార్, పుట్టుకతో ఎవరికీ రాదు. మీకూ డెస్కే నేర్పింది కదా.

జహీరాబాద్ రోడ్డు

కమ్యూనిటీ రేడియోను మర్చిపోకండి. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో సంఘం రేడియోను 2008 నుంచి దళిత మహిళలు నడిపారు. విత్తనాలు, పంటలు, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీకి బోల్ హైదరాబాద్ 90.4 ఉంది. కానీ సొంత వార్తల నిషేధం వీళ్లకూ ఉంది, పైగా వీళ్ల ట్రాన్స్‌మిటర్ చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్లే అందుతుంది.

రిటైర్డ్ డెస్క్

అమ్మా, నేర్పితే వస్తుందన్న మాట కాదనను. అయితే నా షరతులు వినండి. వార్తలకు ఆర్‌జే కాకుండా వేరే విలేఖరి ఉండాలి. తప్పు చెబితే మర్నాడు అదే గంటలో, అదే గొంతుతో దిద్దాలి. వార్తల పది నిమిషాల్లో స్పాన్సర్ పేరు వినపడకూడదు. కాలర్ మాటను స్టేషన్ మాటగా చెప్పకూడదు, ఎవరు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో ముందే చెప్పాలి. ఇవి రాతలో ఉంటే నేను అడ్డం రాను.

మాజీ ఆర్‌జే, తార్నాక

మిగతావన్నీ ఒప్పుకుంటాను. వేరే విలేఖరి జీతం మాత్రం ఏ స్టేషన్ ఇస్తుందో చెప్పండి. ఖర్చు తగ్గించుకోవడానికి ఒకే షోను నాలుగు ఊళ్లకు వేస్తున్న కాలమిది.

సైదాబాద్ శ్రీను

నా భయమూ అదే అక్కా. అనుమతి వచ్చిన రోజున ఆ పది నిమిషాలూ ఢిల్లీ నుంచో ముంబయి నుంచో కొన్న బులెటిన్‌తో నింపేస్తే మన నాలా సంగతి మళ్లీ ఫోన్ వీడియోల్లోనే ఉంటుంది. అందుకే ఊరికే అనుమతి ఇస్తే చాలదు, అందులో కనీసం సగం స్టేషన్ ఉన్న ఊరి వార్తలే కావాలని లైసెన్సులోనే రాయాలి. ఆ సగానికి విలేఖరిని పెట్టుకునే స్టేషన్‌కి లైసెన్సు ఫీజులో తగ్గింపు ఇస్తే జీతం ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. వకీలు గారూ, లైసెన్సు ఒప్పందంలో ఇలాంటి షరతు పెట్టడానికి చట్టపరంగా అడ్డంకి ఏమైనా ఉందా?