ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు కథలు కాని పుస్తకాలు: ఏవి, ఎలా మొదలుపెట్టించాలి?

బడి_బీరువా: తెలుగు ధారాళంగా చదివే పిల్లలు, కథలు తప్ప ఇంకేదీ ముట్టరు. నాలుగైదు పుస్తకాలతో మొదలుపెట్టాలంటే ఏవి కొనాలి?

కొవ్వొత్తి: ఆరు, ఏడు తరగతులకు మహీధర నళినీమోహన్ గారి ‘క్యాలెండర్ కథ’ (పేరులో కథ ఉన్నా, సైన్సు పుస్తకమే). ఎనిమిది దాటితే, 1860–61 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శాస్త్రవేత్త ఫారడే కొవ్వొత్తి మీద ఇచ్చిన ఆరు ఉపన్యాసాలు. పుస్తకం చేతికివ్వకముందే ఒక పని చేయించండి. ఫ్యాను ఆపి, కొవ్వొత్తిని రెండు నిమిషాలు మండనిచ్చి ఊదెయ్యండి. పైకి లేచే తెల్లటి పొగకు, వత్తికి అంగుళం ఎత్తులో, వెలిగించిన అగ్గిపుల్ల తాకించండి. మంట పొగ వెంట దిగి వత్తిని అంటుకుంటుంది. ఆ పొగ మైనం ఆవిరే మరి, మండేదీ అదే. అంటుకోలేదంటే గాలి వీస్తోందన్నమాట, లేదా పుల్ల ఆలస్యంగా పెట్టారు. పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. ఇది చూసిన పిల్లలు పుస్తకం వాళ్లే అడిగి తీసుకుంటారు.

పాత_అచ్చు: అచ్చయిన సంవత్సరం చూడకుండా సైన్సు పుస్తకం కొనకండి. ప్లూటోను 2006లో గ్రహాల జాబితాలోంచి తీసేశారు. తొమ్మిది గ్రహాలని ఉంటే ఆ పేజీలో పెన్సిలుతో దిద్దించండి, పుస్తకం పారేయక్కర్లేదు. 1928 వేసవిలో ముస్సోరీలో ఉన్న పదేళ్ల ఇందిరకు నెహ్రూ రాసిన ఉత్తరాలూ అంతే. ఉత్తరాలు పొట్టివి, రోజుకొకటి చాలు. మనిషి పుట్టుక గురించినవి చదివేటప్పుడు మాత్రం ఇప్పటి పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకోవాలి.

చరఖా: తొమ్మిదో తరగతికి గాంధీ గారి ఆత్మకథ ‘సత్యశోధన’, అదీ మొదటి భాగం వరకే. బాల్యం, దొంగతనం ఒప్పుకోవడం, లండన్ చదువు అందులోనే వస్తాయి. అయిదు భాగాలూ ఒకేసారి ఇస్తే సగంలో వదిలేస్తారు. వారం వారం పత్రికలో వచ్చింది కాబట్టి అధ్యాయాలు చిన్నవి, ఒక పీరియడ్‌లో రెండు అయిపోతాయి.

బడి_బీరువా: ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు మాటల దగ్గర ఆగిపోతున్నారండీ.

పాత_అచ్చు: ‘కిరణజన్య సంయోగక్రియ’ అంటే తెలియదు, ‘ఫొటోసింథసిస్’ అంటే తెలుసు. అధ్యాయానికి అయిదారు మాటలు అట్టముక్క మీద రెండు రకాలుగానూ రాసి, పేజీ గుర్తుగా వాడించండి. పేజీకి అయిదు మాటలకు మించి తెలియకపోతే ఆ పుస్తకం మరో ఏడాది ఆగాలి.

అక్షరం: పదో తరగతికి తిరుమల రామచంద్ర గారి ‘మన లిపి పుట్టు పూర్వోత్తరాలు’ మరిచిపోకండి. అశోకుడి నాటి బ్రాహ్మి లిపిలో ‘క’ అచ్చం కూడిక గుర్తులా ఉంటుంది. ముందు దాన్నే బోర్డు మీద రాసి, ఏ అక్షరమో చెప్పమనండి. కర్నూలు వైపు వాళ్లయితే ఎర్రగుడిలోని అశోకుడి శాసనాల దగ్గరికి ఈ పుస్తకం పట్టుకుని వెళ్లొచ్చు.