రాత్రి భోజనం: 12 నిమిషాలు చాలవా, 45 నిమిషాలు కావాలా?

సత్యనారాయణపురం, విజయవాడ

మా ఇంట్లో నెల రోజులుగా నలుగుతున్న తగువు ఇది. నాన్నగారు రాత్రి ఎనిమిదింటికి కంచం ముందు కూర్చుంటే చెయ్యి కడుక్కునేసరికి ముప్పావుగంటకు తక్కువ పట్టదు. పప్పన్నం, కూరన్నం, పచ్చడన్నం, చారన్నం, చివరకు పెరుగన్నం. దేనికి దానికి మళ్లీ వేడి అన్నం పడాలి, మధ్యలో కాస్త విరామం ఉండాలి. నేను 12 నిమిషాల్లో లేస్తాను. వారం రోజులు గడియారం చూసి మరీ లెక్కపెట్టాను. 11కు తగ్గలేదు, 14 దాటలేదు. “రైలు తప్పిపోతుందన్నట్టు తింటావు, అన్నమంటే నీకు మర్యాద లేదు” అని నాన్నగారి ఆక్షేపణ.

బందరు రోడ్డులో ఆఫీసు వదిలి, బెంజ్ సర్కిల్ దాటి ఇల్లు చేరేసరికి ఏడున్నర. పడుకునేది పదిన్నర. పిల్లవాడి చదువు, మర్నాటి పనులు, కాసేపు మాటలు అన్నీ ఆ మూడు గంటల్లోనే ఇమడాలి. అందులో ముప్పావుగంట తిండికి పోతే అది మా అబ్బాయికి దక్కాల్సిన సమయమే. నా కంచంలో ఒక్క మెతుకు మిగలదు, వండినదానికి ఎన్నడూ వంక పెట్టను. నా దృష్టిలో మర్యాద అంటే అదే. ఇందులో తప్పేముందో చెప్పండి.

బ్రాడీపేట, గుంటూరు (వైద్యుడిని)

తప్పొప్పుల సంగతి అలా ఉంచి, కడుపులో జరిగేది చెబుతాను. అన్నం చేరుతున్న కొద్దీ పొట్ట సాగుతుంది. ఆ కబురు నాడుల ద్వారా మెదడుకు వెళ్తుంది. పేగుల నుంచి కోలిసిస్టోకైనిన్, జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు మరో కబురు పంపుతాయి. ఇవన్నీ అందడానికి సుమారు 20 నిమిషాలు పడుతుందని మా దగ్గరకు వచ్చేవారికి చెబుతుంటాం. 12 నిమిషాల్లో లేచే మనిషి కడుపు నిండిందని తెలిసేలోపే మారు వడ్డన కూడా తినేసి ఉంటాడు. 2008లో జపాన్ నుంచి వెలువడిన ఒక అధ్యయనంలో వేగంగా తినడం, పొట్ట నిండేదాకా తినడం అనే రెండు అలవాట్లూ ఉన్నవారిలో అధిక బరువు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. వేగమే దానికి కారణమని అంతమాత్రాన తేల్చలేం కానీ, కొట్టిపారేయాల్సిన విషయం కాదు.

మన భోజనంలో ఇంకో చిక్కు ఉంది. రొట్టె తినేవారికి నమలక తప్పదు, కాబట్టి వేగం దానంతటదే తగ్గుతుంది. మెత్తటి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలిపితే ముద్ద పంటికి తగలకుండానే జారిపోతుంది. అందుకే అన్నం తినేవాళ్లం మరింత జాగ్రత్తగా ఉండాలి.

నాకు నిమిషాల కంటే వేళ ముఖ్యం. తినడానికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. ఎనిమిదింటికి మొదలుపెట్టే మీ నాన్నగారికి ఆ ఎడం ఇంచుమించు దొరుకుతోంది.

మిర్చి యార్డు దగ్గర, గుంటూరు

తీరిక ఉన్నవాళ్ల చర్చలా ఉంది. నేను కమీషన్ దుకాణంలో గుమాస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, యార్డులోకి వస్తూనే ఉంటాయి. కాటాలు, లెక్కలు పూర్తయి, చేతుల ఘాటు వదిలేదాకా కడుక్కొని ఇల్లు చేరేసరికి పదిన్నర. ఆ ఆకలికి పది నిమిషాలే ఎక్కువ. బస్తాలు మోసే ముఠా కార్మికులను అడిగి చూడండి, నెమ్మదిగా నమలమని వారికి చెప్పే ధైర్యం ఎవరికైనా ఉందా?

కొత్తపేట, గుంటూరు

నెమ్మదిగా తినడమే మన పూర్వుల పద్ధతి అని పెద్దవారు అంటుంటారు. ఆయుర్వేద గ్రంథమైన చరక సంహితలో, విమానస్థానం అనే భాగం మొదటి అధ్యాయంలో ఉన్నది అది కాదు. “నాతిద్రుతం, నాతివిలంబితం” అంటుంది. మరీ వేగమూ వద్దు, మరీ ఆలస్యమూ వద్దు. వేగంగా తింటే ఆహారం కుదురుగా నిలవదని, తింటున్న దానిలోని మంచిచెడులు తెలియవని చెబుతుంది. మరీ ఆలస్యంగా తింటే తృప్తి కలగదు, ఎక్కువ తింటారు, అన్నం చల్లారిపోతుంది, సమంగా అరగదు అని కూడా చెబుతుంది. ఎక్కువ తినడం అనే దోషాన్ని డాక్టరుగారు వేగానికి అంటగట్టారు, చరకంలో అది ఆలస్యానికి ఉంది. అంచేత 45 నిమిషాల వారు శాస్త్రాన్ని తమ పక్షాన నిలబెట్టుకోలేరు. మాట్లాడకుండా, నవ్వకుండా, మనసు పెట్టి తినమని కూడా అక్కడే ఉంది. ఫోను చూస్తూ గంట తింటే అది నెమ్మదిగా తినడం కిందికి రాదు.

పటమట, విజయవాడ

సత్యనారాయణపురం వారిని ఒకటి అడగాలి. మీ నాన్నగారికి ఐదుసార్లు వేడి అన్నం వడ్డిస్తున్నది ఎవరు? మీరు 12 నిమిషాల్లో లేచిపోయాక మీ ఇంటావిడ ఎవరితో కూర్చొని తింటున్నారు? ఇంత లెక్క రాశారు, ఆమె నిమిషాలు ఎక్కడా కనిపించలేదు.

మా ఇంటి సంగతి చెబుతాను. మామగారు పావు తక్కువ ఎనిమిదికి, మావారు ఎనిమిదిన్నరకు, అబ్బాయి ట్యూషన్ నుంచి వచ్చి తొమ్మిదింబావుకు. మూడు వడ్డనలు. చారు మూడుసార్లు వేడి చేయాలి. మామగారి కంచంలో చెయ్యి ఎండకూడదు కనుక పొయ్యి దగ్గరా బల్ల దగ్గరా మార్చి మార్చి నిలబడేదాన్ని. నేను కూర్చునేసరికి 9:40. అప్పటికి అలసటతో ఆకలి చచ్చిపోయేది. అడుగున మిగిలిన కూరతో రెండు ముద్దలు, ఆపై పెరుగన్నం, ఎనిమిది నిమిషాలు. పప్పు, పచ్చడి, చారు వరసగా తిన్న రాత్రి నాకు గుర్తు లేదు. మామగారి 45 నిమిషాలు, మావారి 15 నిమిషాలు రెండూ నా సమయంలోంచే వచ్చాయి.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటి పనులు చేసేవారిలో ఆడవారికి రోజుకు సగటున 289 నిమిషాలు, మగవారికి 88 నిమిషాలు. తినే వేగం మీద వాదించేటప్పుడు ఈ తేడా ఎందుకు మాటల్లోకి రాదు?

నెమ్మదిగా తినడం మీద నాకు కోపం లేదు, నాకూ అదే ఇష్టం. పోయిన దసరా నుంచి మా ఇంట్లో పద్ధతి మార్చాను. ఎనిమిదింబావుకు గిన్నెలన్నీ బల్ల మధ్యలో పెట్టి అందరం ఒక్కసారే కూర్చుంటాం. అబ్బాయి ట్యూషన్ సాయంత్రానికి మార్చుకున్నాడు. ఎవరికి కావలసింది వారే వడ్డించుకుంటారు. ఎంగిలి చేత్తో గరిట ముట్టుకోకూడదు కనుక ఎడమచేత్తో వడ్డించుకోవాలి. అది మామగారికి నచ్చలేదు, అలవాటు కావడానికి పది రోజులు పట్టింది. ఇప్పుడు అందరికీ కలిపి అరగంట పడుతోంది. చారు ఒక్కసారే వేడి చేస్తున్నాను.

గాంధీనగర్, విజయవాడ

అమ్మా, మీ బాధ న్యాయమైనదే. ఎడమచేతి వడ్డన మాత్రం నాకు మింగుడుపడదు, నాకు 70 ఏళ్లు. మన భోజనానికి ఒక వరస ఉంది. పప్పు తరువాత పచ్చడి, పచ్చడి కారానికి చారు, చారు వేడికి పెరుగు. ప్రతిసారీ కొత్తగా అన్నం కలుపుకోవాలి కాబట్టే చెయ్యి ఆగుతుంది, ఆగినప్పుడు నాలుగు మాటలు నడుస్తాయి. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుంటూ తినాల్సిన అన్నాన్ని పప్పన్నంతో కలిపి 12 నిమిషాల్లో ముగించేవారు ఆ రుచిని తమంతట తామే వదులుకుంటున్నారు. అన్నీ ఒకే కంచంలో ఒకేసారి పెట్టేస్తే ఎవరైనా తొందరగానే తింటారు.

అయితే వడ్డించేది ఆడవారే కావాలని ఎక్కడా లేదు. పెళ్లిళ్లలో బంతులు వడ్డించేది ఎక్కువగా మగవారే కదా. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు మొదలైనప్పటి నుంచి రాత్రి వడ్డన నాది. ముందు ఆమె తింటుంది. మారు అడుగుతుంది, చారు రెండుసార్లు పోయించుకుంటుంది. ఆమెకు 25 నిమిషాలు పడుతుందని పెళ్లైన 41 ఏళ్లకు తెలుసుకున్నాను. అన్నేళ్లూ ఆమె ఏమి తిన్నదో, ఎంతసేపు తిన్నదో నేను చూడలేదు. ఇది రాస్తుంటే కూడా మనసుకు కష్టంగా ఉంది.

సత్యనారాయణపురం, విజయవాడ

పటమట వారికి సమాధానం బాకీ ఉన్నాను. మా ఆవిడను అడిగాను, “నువ్వు ఎంతసేపు తింటావు” అని. “ఎప్పుడూ చూసుకోలేదు” అంది. నేనూ చూడలేదు. నా 12 నిమిషాలు అయ్యాక పిల్లవాడి పుస్తకాల దగ్గర కూర్చుంటాను, ఆమె కూర్చునేది నాన్నగారు లేచాక.

నిన్న రాత్రి నలుగురం కలిసి కూర్చున్నాం. నాకు 22 నిమిషాలు పట్టింది. నేను లేచేసరికి నాన్నగారు పచ్చడన్నం దగ్గర, ఆమె కూరన్నం దగ్గర ఉన్నారు. నాన్నగారు ఎడమచేత్తో గరిట పట్టలేదు, మా అబ్బాయి వడ్డించాడు. నా వాదన అంతా వెనక్కి తీసుకోవడం లేదు. ఆఫీసు ఉన్న రోజుల్లో 45 నిమిషాలు నావల్ల కాదు, నాన్నగారికి ఆ మాటే చెప్పాను. ముందు లేచినవాడిని కాబట్టి గిన్నెలు సర్దే పని నాది అయింది.

మిర్చి యార్డు దగ్గర, గుంటూరు

డాక్టరుగారూ, పదిన్నరకు ఇల్లు చేరేవాడు పడుకోవడానికి రెండు గంటల ముందే తినమంటే ఎలా? మీరే చెప్పండి. పడుకోగానే గుండెల్లో మంట ఉన్న మాట నిజం.

బ్రాడీపేట, గుంటూరు

మీరు అడిగింది సరైన ప్రశ్న. పప్పన్నం, కూరన్నం క్యారేజీలో పెట్టించుకొని ఏడింటికి దుకాణంలోనే తినండి, పావుగంట చాలు. ఇంటికి వెళ్లాక కొంచెం మజ్జిగ అన్నంతో సరిపెట్టండి, ఊరగాయ వద్దు. తలవైపు మంచం కాళ్ల కింద చెరొక ఇటుక పెట్టుకోండి. రెండు వారాల తరువాత కూడా మంట తగ్గకపోతే ఆలస్యం చేయకుండా దగ్గరలోని డాక్టరుకు చూపించుకోండి.